అక్కగారి నాటకశాల

జూన్ 9

ట్రస్టు ఆఫీసులో అక్క కుర్చీలో మొదటిసారి కూర్చున్నాను. ఎత్తు కుదరలేదు. అక్కవి పొడుగు కాళ్లు. నావి నేలకి ఆనలేదు. మీటింగు అయ్యేదాకా మునివేళ్ల మీద నెట్టుకొచ్చాను. పిక్కలు పట్టేశాయి.

హాస్టలు పిల్లలకి కొత్త మంచాలు కొందామా అన్నాను. "పెద్దమ్మగారైతే పాతవాటికే పట్టీలు మార్పించేవారండి" అంది హెడ్మిస్ట్రెస్సు. ఆస్పత్రి వార్డుకి లేత నీలం రంగు వేయిద్దామన్నాను. "పెద్దమ్మగారు తెలుపు తప్ప ఒప్పుకునేవారు కాదండి" అన్నాడు ఇంజనీరు. ఉక్కగా ఉంది, ఆ కిటికీ తీయమన్నాను. "పెద్దమ్మగారు అది తీయనిచ్చేవారు కాదండి, కాగితాలు ఎగురుతాయని" అన్నాడు గుమాస్తా. అందరం పెద్దమ్మగారి కోసం ఉక్కలోనే కూర్చున్నాం.

నన్ను మాత్రం చిన్నమ్మగారు అంటారు. యాభై తొమ్మిదేళ్లొచ్చాయి. పెద్దావిడ పోయింది కదా, నాకు ప్రమోషన్ వస్తుందేమో అనుకున్నాను. రాలేదు.

అక్క పోయి ఏడు నెలలు. చచ్చినవాళ్ల కళ్లు చారెడు అంటారు. అక్క కళ్లు అంత పెద్దవేం కావు. ఆ సంగతి నాకొక్కదానికే గుర్తున్నట్టుంది.

జూన్ 10

నాకు అసూయ లేదు. పిక్కల నొప్పి, అంతే.

జూన్ 18

నాటకశాల చూడటానికి వెళ్లాను. అక్క మొదలుపెట్టి సగంలో వదిలేసి వెళ్లింది ఇదొక్కటే. మిగతా అన్నీ, ఆస్పత్రి వార్డు, ఆడపిల్లల హాస్టలు, పాత గడియారం మేడ, అన్నీ పూర్తి చేసి తలుపులకి నూనె కూడా పెట్టి వెళ్లింది. దీన్ని నాకు వదిలింది. పేరు తనకీ, దుమ్ము నాకూ.

నా చిన్నప్పటికే ఇక్కడ నాటకాలు ఆగిపోయాయి. తర్వాత బస్తాలు దింపే గోదాములా వాడారు. దీన్ని కూల్చి దుకాణాలు కట్టుకుందామని ఎవరో యంత్రం తెస్తే అక్క దాని ముందు మడతకుర్చీ వేసుకుని గొడుగు పట్టుకుని కూర్చుంది. ఆ ఫొటో పేపర్లో వచ్చిన రోజు నేను పళ్ల డాక్టరు దగ్గర ఉన్నాను. "ఈవిడ మీ అక్కగారా?" అని పక్కనున్నామె అడిగింది. నా నోట్లో పత్తి ఉంది. తలూపాను. "ఎంత అదృష్టవంతులండీ" అంది. నన్నే.

లోపల ఇంజనీరూ, వడ్రంగి మేస్త్రీ ఎదురుచూస్తున్నారు. ఇంజనీరు ఏమన్నా "సరే సరే" అంటాడు. అక్క పెట్టిన పేరే సరేసరే. అతని ముందే పిలిచేది, అతను మురిసిపోయేవాడు. నేను పిలిస్తే బాగుండదు కాబోలు.

బాల్కనీ బాగుంది. బాగుందని ఒప్పుకోవాలి. నల్లటి చెక్క, వంపు తిరిగిన రెయిలింగు. కింద వరసగా దూలాలు, మా తాతగారి కాలం నాటివి. మేస్త్రి ఒక్కో దూలాన్ని చేత్తో తట్టి చూపించాడు. "అమ్మగారు కర్రతో కొట్టి చూశారండి ఇవన్నీ. మోగుతున్నాయి మేస్త్రీ, ఒక్కటీ మార్చొద్దు, అన్నారు. ఒక్కటీ మార్చలేదండి."

"ఎవరూ పరీక్ష చేయలేదా?" అన్నాను.

"అమ్మగారు చేశారు కదండీ" అన్నాడు. సరేసరే తలూపాడు.

బాల్కనీ మొదటి వరుస హాస్టలు పిల్లలకట. ఒకప్పుడు డబ్బున్నవాళ్లు కూర్చున్న చోటు. అక్క పోయే ముందు పిల్లలకి మాట ఇచ్చిందట. నవంబరులో అక్క పోయి ఏడాది నిండే రోజున ప్రారంభం. అన్నీ ఆవిడే పెట్టి వెళ్లింది, తేదీ కూడా. నేను చేయాల్సింది తాళం తీయడం.

జూన్ 29

బావగారింటికి వెళ్లాను. ఒక్కరే ఉన్నారు. అక్క ఉన్నప్పుడూ ఆయన ఒక్కరే, ఆవిడ ఎప్పుడు ఇంట్లో ఉంది కనుక. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

గోడ మీద అక్క ఫొటో. హాస్టలు పిల్లలు మధ్యాహ్నం వచ్చి దాన్ని తుడిచి వెళ్లారట. నేను చూస్తే ఒక మూల దుమ్ము ఉంది. చెప్పలేదు. చెప్తే నేనే తుడవాల్సి వస్తుంది.

భోజనం చేస్తూ బావగారు అడిగారు, "మీ అక్క మొదటి దానం ఏమిటో నీకు తెలుసా? నిన్న హెడ్మిస్ట్రెస్సు వచ్చి అడిగింది, ప్రారంభం రోజు మాట్లాడాలట."

తెలుసు. నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. నాకు ఆరేళ్లు, దానికి పది. చలికాలం. గేటు దగ్గర ఒక పిల్ల వణుకుతూ నిలబడింది. అక్క లోపలికి పరుగెత్తి, ఎర్ర ఉన్ని కోటు తెచ్చి ఆ పిల్లకి తొడిగింది. నాన్న దాన్ని ఎత్తుకుని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పాడు, నా కూతురు చూడండి ఎంత మనసో అని. ఆ కోటు నాది. అక్క కోటు అక్క ఒంటి మీదే ఉంది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు, మా ఇంట్లో చెల్లెలి సొమ్ము అక్క దానం. పేరు అక్కది, చలి నాది.

"తెలియదు బావగారూ" అన్నాను. వేరే ఏదో కథ చెప్పుకోనీ.

జూలై 14

తెర గుడ్డ విషయం. అక్క ముదురు ఎరుపు చెప్పి వెళ్లిందట. నేను ఆకుపచ్చ అన్నాను. ఆకుపచ్చ కంటికి చల్లగా ఉంటుంది, నల్ల చెక్క పక్కన నప్పుతుంది, ఇదంతా ఆలోచించే చెప్పాను. ట్రస్టులో ఎవరూ కాదనలేదు, ఎవరూ ఔననలేదు. మొహాలు కిందికి దించుకున్నారు, నేనేదో కాని మాట అన్నట్టు. సరే, నేనే వెళ్లి కొందామని బట్టల షాపుకి వెళ్లాను. షాపాయన గుడ్డ తాను విప్పి, మీటరు కర్ర పట్టుకుని ఆగిపోయాడు.

"పెద్దమ్మగారు ఎరుపు అన్నారు కదండీ."

"నేను ఆకుపచ్చ అంటున్నాను."

"ఇస్తానండి. కానీ ఒక్కసారి ఆలోచించండి. పాపం ఆవిడ…"

ఎరుపే తీసుకున్నాను. రంగు బాగానే ఉంది. అదే మంట.

ఆగస్టు 3

ఒక రాగి పలక చేయించాను. చిన్నదే, అరచేతి కన్నా కొంచెం పెద్దది. "ఈ నాటకశాల పునరుద్ధరణ పనిని పూర్తి చేయించినవారు", కింద నా పేరు. ఇది నాకోసం కాదు. రేపు ఎవరైనా చరిత్ర రాస్తే వివరాలు ఉండాలి కదా. గుమ్మం దగ్గర అక్క పేరుతో ఊరివాళ్లు వేయించిన పాలరాయి తలుపంత ఉంది. దాని పక్కన పెట్టను. వెనకగా, బయటికి వెళ్లే దారిలో, బాల్కనీ కింద దూలం గోడలోకి దిగే మూల ఒకటుంది. అక్కడ వెలుతురు తక్కువ. ఎవరికీ కనిపించదు. కాస్త తల తిప్పితే కనిపిస్తుంది.

ఆగస్టు 4

కొద్దిగా తల తిప్పితే చాలు.

ఆగస్టు 23, ఆదివారం

పనివాళ్లెవరూ ఉండరని ఈరోజు వెళ్లాను. మేస్త్రికి చెప్తే మొహం ఎలా పెడతాడో తెలుసు. మా ఇంటి కరెంటు పని చేసే అతన్ని తీసుకెళ్లాను. నిచ్చెన ఎక్కి, పలక ఆనించి, బరమా తిప్పడానికి ముందు స్క్రూ మొన గుచ్చి చూశాడు. గుచ్చి, దిగి, నన్ను చూసి, మళ్లీ ఎక్కాడు.

"ఏమైంది?"

"స్క్రూ వేలితోనే దిగిపోయిందండి."

"అంటే?"

"బొటనవేలితో నొక్కానండి. తలదాకా వెళ్లిపోయింది. ఇది చెక్కా కేకా అండి?"

నిచ్చెన ఎక్కాను. మా ఆయన పోయాక నేను ఎక్కిన మొదటి నిచ్చెన. గోడ పక్కన దూలం మీద వేలు పెట్టి నొక్కాను. వేలు దిగింది. తడి వాసన. గోరు కింద గోధుమ రంగు పొడి. పక్క దూలం చూశాను, అదీ అంతే. బయటికి కనిపించే భాగం రాయిలా ఉంది. గోడలోకి దిగే కొనలు మాత్రం ఉడికిన దుంపలు. పైన చూరు గొట్టం ఎన్నేళ్లు కారిందో, నీళ్లన్నీ గోడలోపలి నుంచి దిగినట్టున్నాయి. అక్క కర్రతో కొట్టింది మధ్యలో. మధ్యలో కొడితే మోగుతుంది మరి.

అక్క తప్పు చేసింది.

ఇంకోసారి రాస్తాను. అక్క తప్పు చేసింది.

పలక సంచిలో వేసుకుని వచ్చేశాను. కరెంటతనికి ఎవరితో అనొద్దని చెప్పాను. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. ఎన్నాళ్లకో అంత ఆకలేసింది. ఎంత సంతోషం వేసిందో రాయకూడదు.

ఆగస్టు 26

ట్రస్టు మీటింగులో చెప్పాను. చెప్పడం సరిగ్గా రాలేదేమో. అద్దం ముందు రెండుసార్లు అనుకున్నాను, విచారంగా చెప్పాలని. గొంతులో విచారం నిలబడలేదు.

"బాల్కనీ దూలాలు కుళ్లిపోయాయి. అక్క చూసుకోలేదు" అన్నాను.

దూలాలు అని ఆపితే సరిపోయేది.

సరేసరే కాగితం తిరగేశాడు. "సరే, సరే. పైపైన కొంచెం మెత్తబడి ఉంటుందండి. వార్నిష్ పడితే గట్టిపడుతుంది."

మేస్త్రి చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మగారు చెయ్యి పెట్టి చూసిన దూలాలండీ అవి" అన్నాడు.

హెడ్మిస్ట్రెస్సు నెమ్మదిగా అడిగింది, "అసలు ఆ మూలకి మీరెందుకు వెళ్లారండీ? ఆదివారం పూట?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కళ్లజోడు సర్దుకున్నాను. "ఊరికే. చూద్దామని" అన్నాను.

దూలాలన్నీ విప్పి మార్చాలంటే చలికాలం అంతా పడుతుందట. అక్క పోయిన రోజుకి ప్రారంభం ఉండదు. చేతులెత్తించారు. నా మాటకి నా చెయ్యి ఒక్కటే లేచింది.

మెట్ల దగ్గర హెడ్మిస్ట్రెస్సు నా వెనకే వచ్చింది. మంచి మనిషే, ఈమె మీద నాకేం కోపం లేదు. ఆఖరి నెలల్లో అక్క పక్కన రోజూ కూర్చున్నది ఈమే. నేను వెళ్తే అక్క నిద్రపోతూ ఉండేది. ఈమె వెళ్తే లేచి కూర్చునేది.

"మీ బాధ నాకు తెలుసు చిన్నమ్మగారూ" అంది. "కానీ పిల్లల ముందు అక్కగారిని తగ్గించకండి. వాళ్లకి ఆవిడ తప్ప ఎవరున్నారు."

నా బాధ ఈమెకి తెలుసట. ఊళ్లో అందరికీ తెలిసినట్టుంది. అబద్ధం చెప్పినా నమ్మేవాళ్లేమో. నేను చెప్పిన నిజం కాబట్టి నమ్మలేదు.

సెప్టెంబరు 2

పడితే పడనీ. ఎవరు ఉంచమన్న దూలాలు అవి. ఆ రోజుతో ఆ పాలరాయి కూడా తీసేస్తారు.

సెప్టెంబరు 3

నిన్న రాసింది కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే రాయనే లేదని నాకు నేనే చెప్పుకుంటాను. ఉండనీ. ఎవరు చూడొచ్చారు.

నిద్ర లేదు. తలనొప్పి మాత్ర వేసుకున్నాను.

సెప్టెంబరు 5

రేపు వెళ్దామనుకున్నదాన్ని, ఈరోజే వెళ్లాను. ఎందుకో తెలియదు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల గోల. హాస్టలు పిల్లలు. ప్రారంభం రోజు ఎవరు ఎక్కడ కూర్చోవాలో నేర్పడానికి తీసుకొచ్చారట. అందరూ బాల్కనీ మీదే.

పైకి వెళ్లాను. రెయిలింగు పట్టుకుని ఊగుతున్నారు. సరిగ్గా నా వేలు దిగిన దూలం పైన, చివరి కుర్చీలో ఒక బక్కపిల్ల కూర్చుని ఉంది. పళ్లు రెండు లేవు. కూర్చున్నచోటే ఎగురుతోంది.

"మీరు పెద్దమ్మగారి చెల్లెలా?" అంది.

"ఊఁ."

"పోలిక లేదే."

"లేదు."

"ఇక్కడి నుంచి అందరి తలలూ కనిపిస్తాయి. బట్టతలలు కూడా. ఇంజనీరు గారిది చూడండి." కిందకి వంగి చూపించింది. నేను దాని గౌను వెనక నుంచి పట్టుకున్నాను. పలక కోసం గుచ్చిన స్క్రూ రంధ్రం మా ఇద్దరి కాళ్ల కిందే ఉంది. నాకు చెవుల్లో హోరు మొదలైంది. నేను కదిలితే అదనపు బరువు, నేను కదలకపోతే వీళ్లు దిగరు.

"కింద ఐస్‌క్రీమ్ ఇస్తున్నారు" అన్నాను.

"ఎక్కడ?"

"వీధిలో. పరుగెత్తకుండా వచ్చినవాళ్లకే. ఒక్కొక్కరుగా."

ఒక్కొక్కరుగా దిగారు. చివరగా నేను గోడ పట్టుకుని దిగాను. అప్పుడు డ్రైవరుని ఐస్‌క్రీమ్‌కి పంపించాను. హెడ్మిస్ట్రెస్సు "పెద్దమ్మగారు బయటి తిండి పెట్టనిచ్చేవారు కాదండి" అంది. మొదటిసారి ఆ మాట నాకు తగల్లేదు.

వాళ్లు వీధిలో తింటుంటే నాటకశాలకి తాళం వేసి, కాపలా మనిషి దగ్గరున్న రెండో తాళంచెవి కూడా తీసుకుని ఇంటికొచ్చాను.

సెప్టెంబరు 7

వంటావిడ మార్కెట్ నుంచి కూరలతో పాటు కబుర్లు తెచ్చింది. "అక్క మీద కుళ్లుతో నాటకశాల ఎత్తుకెళ్లిందంటున్నారండి."

"నాటకశాల ఎలా ఎత్తుకెళ్తారే?"

"అదే నేనూ అన్నానండి. తాళంచెవులు మాత్రం డబ్బాలో పెట్టుకుందన్నాను."

ఏ డబ్బాలో ఉన్నాయో కూడా చెప్పిందేమోనని చోటు మార్చాను.

బావగారు ఫోన్ చేశారు. "తాళాలు నీ దగ్గరున్నాయటగా."

"ఉన్నాయి."

"సరే. భోంచేశావా?"

"చేశాను."

ఇంకేదో అడుగుతారని ఎదురుచూశాను. పెట్టేశారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆయనా ఊరివైపేనేమో.

సెప్టెంబరు 9

నాటకశాల ముందు అందరూ వచ్చి ఉన్నారు. నేనే రమ్మన్నాను. ట్రస్టువాళ్లు, సరేసరే, మేస్త్రి, అతని మనుషులు, హెడ్మిస్ట్రెస్సు. బావగారు కూడా వచ్చి చివర నిలబడ్డారు. నేను తాళం తీసి, మేస్త్రి పనిముట్ల పెట్టెలోంచి సుత్తి తీసుకున్నాను.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాడు సరేసరే. అతను ప్రశ్న అడగడం అదే మొదటిసారి చూశాను.

పరంజా ఇంకా అక్కడే ఉంది. ఎక్కాను. మేస్త్రి కింద నుంచి, "చిన్నమ్మగారూ, ఆ గోడకి సున్నం పూత అమ్మగారు దగ్గరుండి పూయించారు. అద్దంలా వచ్చిందండి" అన్నాడు. అద్దంలానే ఉంది. దాని మీద కొట్టాను. మొదటి దెబ్బకి గోరు నలిగింది. రెండో దెబ్బకి పెళ్లలు ఊడాయి. తర్వాత ఆగలేదు. అవన్నీ దూలం కోసం కొట్టిన దెబ్బలని రాస్తే అబద్ధం. మొదటి కొన్ని అక్క కోసమే. కోటు కోసం. గొడుగు పట్టుకున్న ఆ ఫొటో కోసం. నేను వెళ్తే మూసుకున్న ఆ కళ్ల కోసం.

ఇటుక ఒకటి కదిలింది. లాగితే వచ్చేసింది. దాని వెనక దూలం కొన ఉండాలి. లేదు. నల్లటి ముద్ద, తడి. చేత్తో తీస్తే వచ్చింది. పిడికెడు తీసి కింద వేశాను. ఇంకో పిడికెడు.

మేస్త్రి పరంజా ఎక్కి వచ్చాడు. నన్ను పక్కకి జరగమని సైగ చేసి తన చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా వెళ్లింది. చాలాసేపు తీయలేదు. తీశాక ఆ చెయ్యి చూసుకుంటూ, "అమ్మగారు చెప్పారండి, మోగుతున్నాయి అని. నేను విన్నానండి. మోగాయి" అన్నాడు. కళ్లు తుడుచుకోవడానికి శుభ్రంగా ఉన్న చెయ్యి కోసం వెతుక్కున్నాడు.

హెడ్మిస్ట్రెస్సు కింద ఒక కుర్చీలో కూలబడింది. "మొన్న పిల్లలందరూ పైన…" అంది.

అనుకున్న క్షణం ఇదే కదా. అందరూ నావైపు చూస్తున్నారు. అక్క తప్పు, నేను ఒప్పు. ఒక్క మాట అంటే చాలు. వేలు సలుపుతోంది. "దూలాలన్నీ మార్చాలి" అన్నాను. "సరే, సరే" అన్నాడు సరేసరే, ఈసారి రాసుకుంటూ.

అక్టోబరు 20

పైకప్పుకి ఊతకర్రలు పెట్టి, బాల్కనీ విప్పుతున్నారు. మంచి భాగాలు పారేయొద్దన్నాను. కుళ్లిన కొన కోసి, కొత్త చెక్క అతికించి, పాతదాన్నే మళ్లీ ఎక్కించొచ్చట. మేస్త్రి చెప్పాడు. ఒక్కటీ పారేయొద్దని ఎందుకన్నానో ఆలోచిస్తే చిరాకు. అది అక్క మాట. నా నోట్లోంచి వచ్చింది.

నవంబరు 12

అక్క పోయిన రోజు. నాటకశాల మూసే ఉంది. గడప దగ్గర ఎవరెవరో పూలు పెట్టి వెళ్లారు. నా కారు చూసి కొందరు పక్కకి తిరిగారు. దూలాల సంగతి ఊళ్లో తెలియకుండా ట్రస్టువాళ్లు నొక్కేశారు, అక్క పేరుకి మచ్చ అని. నేనూ ఊఁ అన్నాను. ఊరి లెక్కలో ఆలస్యానికి కారణం మాత్రం నేనే.

నేను పూలు పెట్టలేదు. ఇప్పటికే చాలా ఉన్నాయి.

డిసెంబరు 6

అక్కకి కోపం వస్తే గాజు గ్లాసు బల్ల మీద తిప్పేది, మాట్లాడకుండా. ఈరోజు ఆఫీసులో నేను తిప్పుతున్నాను. గుమాస్తా చూసి బయటికి వెళ్లిపోయాడు.

జనవరి 19

పని బాగా వచ్చింది. మేస్త్రి నన్ను పిలిచి ఒక అతుకు చూపించాడు. పాత చెక్కకీ కొత్త చెక్కకీ మధ్య వెంట్రుక పట్టదు. "ఇది మీ కోసం చేశానండి చిన్నమ్మగారూ" అన్నాడు. అక్కైతే ఏమనేదో అతను చెప్పలేదు. నేను కాసేపు ఆగి చూశాను, చెప్తాడేమోనని. చెప్పలేదు.

రాగి పలక అల్మారాలో వెనక ఉంది. పెట్టమని చెప్పలేదు. మర్చిపోయానని అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 21

ఈరోజు ప్రారంభం అయింది. అలిసిపోయాను, అయినా రాయాలి.

హాలు నిండిపోయింది. ఎర్ర తెర బాగుంది. పిల్లలు బాల్కనీ మొదటి వరుసలో. ఆ బక్కపిల్ల చివరి కుర్చీలోనే, ఒక పన్ను వచ్చింది. కింద కూర్చున్నవాళ్ల తలలు లెక్కపెడుతూ నాకు చెయ్యి ఊపింది. నా తలలో ఏం చూసిందో.

హెడ్మిస్ట్రెస్సు మాట్లాడింది. దూలాల సంగతి తనంత తానుగా బయటపెట్టింది. నాకు ముందు చెప్పలేదు. ఇంతమంది పిల్లలు ఏ క్షణంలో ఎక్కడ నిలబడి ఉన్నారో చెప్తుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. తన తప్పు ఒప్పుకుంది, నేను చెప్తే నమ్మలేదని. నా వెన్ను నిటారుగా అయింది. చీకట్లో ఎవరూ చూడరు కదా అని కొంచెం నవ్వుకున్నాను కూడా.

అప్పుడంది, "ఆదివారం పూట, ఎవరూ లేని వేళ, ఆ మూలకే చిన్నమ్మగారు ఎందుకు వెళ్లారు? నేను చాలా ఆలోచించాను. ఇంకేముంది. పెద్దమ్మగారే చెల్లెలి చెయ్యి పట్టుకుని ఆ దూలం దగ్గరికి తీసుకెళ్లారు."

చప్పట్లు. లేచి నిలబడి కొట్టారు. అందరూ అక్క ఫొటో వైపు తిరిగి. నేనూ లేచి నిలబడ్డాను, కూర్చుంటే బాగుండదని. నేనూ కొట్టాను. రాగి పలక నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిందని ఎవరికి చెప్పను.

బావగారిని నా కారులోనే దింపాను. చాలా దూరం ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. తర్వాత అన్నారు, "మీ అక్కైతే ఆ దూలాలు ముట్టుకోనిచ్చేది కాదు."

ఈ మాట కోసం నేను ఎన్నాళ్లుగా కాచుకుని ఉన్నాను. ఎవరైనా, ఒక్కరైనా అనాలని. అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎందుకు ముట్టుకోనివ్వదు?" అన్నాను. "అది మొండిదే, మూర్ఖురాలు కాదు. ఆ ముద్ద చేతిలోకి వస్తే నాకన్నా ముందు అదే సుత్తి పట్టుకునేది. రెండు రోజుల్లో గోడంతా విప్పించేది. నేను చలికాలం అంతా తీసుకున్నాను. అసలు దాని గురించి మీకేం తెలుసు బావగారూ?"

నలభై ఏళ్లు కాపురం చేసినాయన్ని అడిగాను. డ్రైవరు అద్దంలో చూసి చూపు తిప్పుకున్నాడు.

బావగారికి కోపం రాలేదు. "అదీ ఇంతే" అన్నారు. "నీ గురించి నన్ను ఒక్క మాట అననిచ్చేది కాదు."

"మీరేమన్నారేమిటి నా గురించి?"

"ట్రస్టు నీకిస్తానంటే వద్దన్నాను. చిన్నదానికి బట్టలూ నగలూ తప్ప ఏం పడతాయి అన్నాను. మంచం మీద నుంచే నా మీద విరుచుకుపడింది."

"ఏమంది?"

"ఇంతమంది నాకు తలూపుతారు. నువ్వు తప్పు అని నా మొహం మీద అనేది నా చెల్లెలొక్కతే. దానికే ఇవ్వాలి. అది ఒప్పుకోకపోతే దాని కాళ్లు పట్టుకోండి అంది."

కాసేపు నాకు రోడ్డు కనిపించలేదు.

"నేను వెళ్తే నిద్రపోయేది" అన్నాను.

"నువ్వొస్తే నిద్ర పట్టేది" అన్నారు. "మిగతావాళ్ల ముందు లేచి కూర్చోవాల్సి వచ్చేది దానికి."

ఇన్ని మాటలు. ఇవన్నీ నావి. నాకు రావలసినవి. నాతో ఒక్కటీ అనలేదు, ఈయనతో అంది. ఏడాదిన్నర ఈయన దగ్గర పెట్టుకుని, భోంచేశావా అని ఫోన్లు చేశారు. ఇంతమంది మీద అయింది, ఇప్పుడు బావగారి మీద కూడా కుళ్లు పుట్టింది.

గేటు ముందు కారు ఆగింది. ఆయన తలుపు తీయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"అక్క అన్నది మళ్లీ చెప్పండి" అన్నాను.

చెప్పారు. ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పారు.

ఇంకోసారి అడిగాను.